పని లేకుండా బెంగళూరుకు

మా ఇంట్లో ఎవరైనా ఊరికి బయల్దేరారంటే దానికొక పని ఉండాలి. పెళ్లి, చావు, మొక్కు, ఆసుపత్రి, లేదంటే సరుకు. వీటిలో ఏదీ లేకుండా బస్సెక్కిన మనిషి మా రెండు వంశాల్లోనూ నాకు తెలిసి లేడు. రెండు వంశాలంటున్నాను కానీ అది ఒకటిన్నరే. మా అత్త నాకు మేనత్త కూడా. ధర్మవరంలో మా నాయనకు అక్క. ఆమె పెళ్లయి హిందూపురం వచ్చింది, చాలా ఏళ్ల తర్వాత నన్నూ అదే ఇంటికి కోడలిగా తెచ్చుకుంది. అందుకే ఆమెను నువ్వు అనే చనువు, ఆమెతో పంతం పట్టే చనువు రెండూ నాకున్నాయి.

హిందూపురంలో ఉన్నవాళ్లకు పెద్ద ఊరంటే బెంగళూరే. జ్వరం తగ్గకపోతే బెంగళూరు, అంగట్లో గాజులు అయిపోతే బెంగళూరు. మాది ఫ్యాన్సీ అంగడి. రిబ్బన్లు, క్లిప్పులు, గాజులు, ప్లాస్టిక్ పూలు. సరుకు కోసం మా ఆయన నెలకు రెండుసార్లు పోతాడు. బెంగళూరు నాకు కొట్టిన పిండి అంటాడు. ఆయన కొట్టిన పిండిలో ఉన్నవి రైల్వే స్టేషను, చిక్కపేట, ఆ రెండింటి మధ్య ఒక ఇడ్లీ హోటలు. అంతకు మించి ఒక్క వీధి కూడా లేదు.

అత్త పదకొండుసార్లు పోయింది. పదకొండుసార్లూ మామ గుండె కోసమే, అంగడి మా ఆయనకు వదిలి. ఆపరేషన్‌కు ముందు నాలుగు, తర్వాత ఏడు. మామ ఇప్పుడు బాగున్నాడు, రోజూ అంగట్లో కూర్చుంటాడు, తీపి తినొద్దంటే నా మీద అలుగుతాడు. అత్త మాత్రం ఆ పదకొండు ప్రయాణాల గురించి మామ గుండె సంగతి తప్ప ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని శెనక్కాయలు ఒలుస్తుంటే, ఎందుకు గుర్తొచ్చిందో, ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"ఆ ఆస్పత్రిలో నాలుగో అంతస్తు కిటికీలోనుంచి ఒక తోట కనపడేది పిల్లా. ఈ పక్కనుంచి ఆ పక్కదాకా పచ్చగడ్డి. దాని మీద జనాలు కూసోని ఉండేవాళ్లు. వాళ్లకు జబ్బూ లేదు, చేతిలో మూటా లేదు. వాళ్లంతా ఆడ ఏం చేస్తాండారని నర్సును అడిగితిని. ఊరికే కూసుంటారమ్మా అనింది."

"మరి నువ్వు పోలేదా?"

"నేనెట్ల పోతాను? మీ మామ మంచం మీద ఉండె గదా. పోవాలని మాత్రం ఉండె. ఒక్క పూట, అట్ల కూసోవాలని." ఆ మాట అని మళ్లీ కాయలు ఒలవడంలో పడింది.

అత్తకు అరవై ఎనిమిది దాటాయి. మోకాళ్లు ఇప్పటికైతే ఆమె మాట వింటున్నాయి, ఇంకో రెండేళ్లకు వింటాయో లేదో చెప్పలేం. అందుకే ఆ మధ్యాహ్నమే నేను ఒకటి ఖాయం చేసుకున్నాను. ఆ గడ్డి మీద అత్తను కూర్చోబెట్టాలి. అదీ ఏ రోగమూ, ఏ మూటా, ఏ పనీ లేకుండా. ఇంటి ఖర్చులో పెద్దగా తేడా రాకుండా కూడా. నేను ఒక ప్లాను వేస్తే దానికి తిరుగుండదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒప్పుకోరు, అంతే.

అయితే పని లేకుండా ఊరికి పోవడం అలవాటు లేనివాళ్లను ఒక్కసారిగా అంత దూరం లాక్కుపోలేం. ముందు పెనుకొండతో మొదలుపెట్టాను. పెనుకొండ మాకు పక్కనే ఉంది. పుట్టింటికీ అత్తింటికీ మధ్య అత్త ఆ ఊరి మీదుగా ఎన్ని వందలసార్లు తిరిగిందో, కొండ మీది కోటను రైలు కిటికీలోనుంచి తప్ప చూడలేదు. ఒక ఆదివారం పోదాం, కోట చూద్దాం, అన్నం తిని సాయంత్రానికి వచ్చేద్దాం అన్నాను. సరేనంది. బస్సు దిగాక అసలు మాట బయటపెట్టింది.

"ఈడ నా చిన్నాయన కూతురు ఉండాది. ఊళ్లోకి వచ్చి ఆ పిల్లను చూడకుండా పోతే బాగుంటుందా? ఒక్క నిమిషం చూసి పోదాము."

ఆ ఒక్క నిమిషం బొరుగుల ఉగ్గానితో మొదలైంది. ఉగ్గాని తిన్నాక అన్నం తినకుండా పోతే ఆమె ఊరుకోదు. అన్నం తిన్నాక తీపికి ఓళిగలు. ఓళిగలు తిన్నాక మా ఆయన చాప మీద ఒరిగి గుర్రు పెట్టాడు. అత్త, ఆ చిన్నాయన కూతురు కలిసి యాభై ఏళ్ల కిందటి పెళ్లిళ్లన్నీ మళ్లీ చేశారు. నా కూతురు, ఎనిమిదో తరగతి పిల్ల, మిద్దె మీదికెక్కి కోటను ఫోనులో ఫోటో తీసుకుంది. మేము చూసిన పెనుకొండ కోట ఆ ఫోటోనే. సాయంత్రం రవిక గుడ్డ, కుంకుమ పెట్టించుకుని బస్సెక్కుతుంటే అత్త నన్ను ఓదార్చింది. "కోట యాడికీ పోదులే."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కానీ కోపంలోనే నా ప్లానుకు మొదటి నియమం దొరికింది. పోయే ఊళ్లో చుట్టాల గడప తొక్కకూడదు. ఈ మాట ఫోనులో చెబితే ధర్మవరంలో మా అమ్మ నోరు నొక్కుకుంది.

"బెంగళూరులో మనోళ్లు నాలుగిండ్లు ఉండారు. వాళ్లింట్లో దిగితే రూము దుడ్లు మిగుల్తాయి గదే."

చుట్టాలింట్లో ఉచితంగా దిగడమంత ఖరీదైన పని ఇంకొకటి లేదని అమ్మకు విడమరచి చెప్పాను. స్వీట్లు కొనాలి, పిల్లలకు బట్టలు పెట్టాలి, వాళ్లు మనల్ని తిప్పుతామంటారు, తిప్పరు. పోయినవాళ్లం సోఫాలో కూర్చుని వాళ్ల టీవీ చూసి రావాలి. నా ప్లానులో రూమూ లేదు, చుట్టాలూ లేరు. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు రావడమే. మామూలు పెట్టెలో టికెట్టు. పొద్దునకు చిత్రాన్నం, మధ్యాహ్నానికి చపాతీలు, శెనక్కాయల పొడి, పెరుగన్నం ఇంటినుంచే. దిగాక మెట్రో. ముందు తోట, తర్వాత నక్షత్రశాల, ఆ తర్వాత విధానసౌధ. విధానసౌధను రోడ్డు మీద నిలబడి ఎంతసేపు చూసినా ఎవరూ పైసా అడగరు. నా కూతురు ఇదంతా పాత క్యాలెండర్ కాగితం వెనక రంగు పెన్నులతో రాసి వంటింటి తలుపుకు అంటించింది.

మా ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఎట్లా పోతాండాము గదా, ఒక్క గంట చిక్కపేటలో..." అన్నాడు.

"అది పని."

"పని చేస్తే తప్పా?"

"ఆ రోజుకు తప్పే."

అయినా ఆయన మూడు ఖాళీ సంచులు మడిచి బ్యాగు అడుగున పెట్టుకున్నాడు. నేను వాటిని తీసి గోధుమపిండి డబ్బా వెనక దాచాను. ఖాళీ సంచితో బెంగళూరు పోయి ఖాళీ సంచితో తిరిగి రావడం ఆయన ప్రాణానికి పడదు. అందుకే సంచే లేకుండా చేశాను. మామను కూడా రమ్మన్నాం. "నన్ను కోసిన ఊరు అది, నాకొద్దు, నేను అంగడి చూసుకుంటా" అన్నాడు.

అన్నీ కుదిరాయి. ఎల్లుండి ప్రయాణం అనగా పక్కింటామె గోడ దగ్గరికి వచ్చింది. ఆమెది తనకల్లు దగ్గర పల్లె. భూమి కౌలుకిచ్చి కొడుకు దగ్గర ఉంటోంది. మా అత్తను అక్కా అని పిలుస్తుంది. ఇద్దరూ నీళ్లొచ్చే వేళకు గోడకు అటొకరు ఇటొకరు నిలబడి ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటారు.

"బెంగళూరుకు పోతాండారంట గదక్కా. ఏం పని మీద?"

నేను మెట్ల మీద బట్టలు ఆరేస్తున్నాను. అత్త బిందె పట్టుకుని నిలబడిపోయింది. చూసి రావడానికి అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట ఆమెకు నోట్లోనుంచి ఊడిపడలేదు.

"కండ్లు చూపించుకోను" అంది.

లోపలికి రాగానే పట్టుకున్నాను. "ఏంటికి అట్ల చెప్తివి?"

"మరేం చెప్పేది? ఈ వయసులో గడ్డి మీద కూసోను పోతాండానని చెప్పల్లా? వీధంతా నవ్వుతారు."

నవ్వితే నవ్వనీ అన్నాను. ఆమె వినలేదు. ఆ సాయంత్రమే పక్కింటామె మళ్లీ వచ్చింది. ఈసారి గోడ దగ్గరికి కాదు, ఇంట్లోకే. తనకూ రెండు నెలలుగా కళ్లు మసకగా ఉన్నాయట. కొడుకును అడిగితే పోయి చూపించుకుని రమ్మన్నాడట. "తోడు దొరికింది, నేనూ మీతో వస్తానక్కా" అంది.

అత్త సరేనంది. ఇంకేమంటుంది?

ఆమె పోయాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "పోనీలే, పొద్దున్నే ఆమెకు చూపిచ్చి, మధ్యాహ్నం తోటకు పోదాము" అంది అత్త. ఆ మాట ఆమెకే నమ్మకంగా లేదు. పెద్దాసుపత్రిలో పొద్దున చీటీ రాయించుకున్నవాళ్లు బయటపడేది ఏ వేళకో పదకొండుసార్లు పోయినామెకు ఒకరు చెప్పాలా? పన్నెండోసారి కూడా ఆమె బెంగళూరులో వరండా బెంచీ మీదే కూర్చోబోతోంది. పక్కింటామెకు నిజం చెప్పేస్తానన్నాను. నా మీద ఒట్టు అంది అత్త. నాకు నోరు కట్టేసినట్టయింది. అయినా ప్రయాణం మానుకోలేదు. రైలెక్కాక చూద్దాం అనుకున్నాను, ఎందుకంటే వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

ఆ రోజు పొద్దున మేము హిందూపురం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే అమ్మ ఫోను వచ్చింది. మా పుట్టిల్లు ధర్మవరం స్టేషనుకు దగ్గర, ఆ రైలు బయల్దేరేదీ అక్కడినుంచే. అమ్మ ముందే స్టేషనుకు పోయి, రైలు కదిలేదాకా నిలబడి, పెట్టెలన్నీ పరీక్ష చేసింది. మేము రైలు కోసం పెనుకొండ వైపు చూస్తూ ఉండగా చల్లగా చెప్పింది. "ఇంజను కాణ్నుంచి మూడో పెట్టె ఖాళీగా ఉండాది. ఆడ నిలబడండి. నేనూ వచ్చేదాన్నే, మగ్గం మీద చీర సగంలో ఉండాది." అమ్మ చెప్పినట్టే మూడో పెట్టెలో అందరికీ చోటు దొరికింది. అత్తను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఆమె పక్కన పక్కింటామె, ఒళ్లో ఆసుపత్రి కాగితాలు పెట్టుకునే పెద్ద కవరు. ఆ కవరు చూస్తే నాకు కడుపు మండింది.

గౌరిబిదనూరు దాటాక చిత్రాన్నం గిన్నె తెరిచాను. మా ఆయన, పాప తిన్నారు. అత్త ఆకలి లేదంది. పక్కింటామె కూడా వద్దంది. ఇద్దరూ కిటికీలోనుంచి ఒకే వైపు చూస్తూ కూర్చున్నారు. గోడ దగ్గర గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడుకోవడం లేదు. దొడ్డబళ్లాపురం దాటాక పక్కింటామె అత్త వైపు ఒంగి, చాలా నెమ్మదిగా అడిగింది.

"అక్కా, నువ్వు లోపల చూపించుకునేటప్పుడు నేను బయటనే కూసుంటే ఏమన్నా అనుకుంటావా?"

"బయటేంటికి? నీకూ చూపిద్దాము గదా."

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. "నా కండ్లకేమీ లేదక్కా. ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. మీరంతా కలిసి పోతాంటే నాకూ రావాలనిపించింది. ఊరికే పోయొస్తానంటే నా కొడుకు ఏమనుకుంటాడు? అందుకే కండ్లని చెప్పినా."

కవరు తెరిచి చూపించింది. అందులో ఒక్క కాగితం లేదు. ఒక దువ్వెన, పౌడరు డబ్బీ, ఇస్త్రీ చేసి మడిచిన ముదురాకుపచ్చ చీర ఉన్నాయి. "ఆడ దిగినాక కట్టుకుందామని" అంది.

అత్త ఆ చీరను చూసింది. ఆమె ముఖం చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఊగిపోయేలా, పెట్టెలోవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుని, "నా కండ్లకూ ఏమీ లేదు" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "చిత్రాన్నం పెట్టు పిల్లా. ఇద్దరికీ పెట్టు."

నేను వడ్డిస్తూ నవ్వాను గానీ నాకు ఏడుపొచ్చింది. అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్లు, పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసి, మొగుళ్ల రోగాలు మోసి, ఒక్క రోజు ఊరు చూడడానికి తమ కళ్లు పాడయ్యాయని చెప్పుకోవాల్సి వచ్చింది. మమ్మల్ని అడిగి ఉంటే మేము వద్దనేవాళ్లం కాదు. ఆ అడగడమే వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

బెంగళూరు స్టేషనులో పక్కింటామె చీర మార్చుకుని వచ్చింది. మెట్రోలో నా కూతురు ముందు నడిచి ఇద్దరికీ మెషీన్లో టోకెను పెట్టడం నేర్పింది. చిక్కపేట వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. మా ఆయన సీట్లోనుంచి సగం లేచాడు, నన్ను చూసి కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఆయన జీవితంలో చిక్కపేటను దాటి పోవడం అదే మొదలు.

తోటలో గడ్డి దగ్గరికి వచ్చాక అత్త ఆగిపోయింది. కాలు పెట్టలేదు. దూరంగా కాపలా మనిషి కనిపిస్తే తనే పోయి కన్నడంలో అడిగింది, ఇక్కడ కూర్చోవచ్చా అని. అతను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, నెమ్మదిగా కూర్చుంది. కాళ్లు చాపుకుంది. పక్కింటామె ఆమె పక్కనే చతికిలబడింది. కొంచెంసేపయ్యాక అత్త తల ఎత్తి చెట్ల పైన కనబడుతున్న మిద్దెలను ఒక్కొక్కటే చూసింది. నాలుగో అంతస్తు కిటికీల వరుస ఆమెకు దొరికింది.

"అదే" అంది. "ఈ పొద్దు ఆడనుంచి నన్ను ఎవరన్నా చూస్తాండొచ్చు."

నా కాగితం ప్రకారం అక్కడ ముప్పావుగంట. అత్త మూడు గంటలు కూర్చుంది. చపాతీలు అక్కడే తిన్నాం. నక్షత్రశాల పోయింది. విధానసౌధను సాయంత్రం ఎండలో రోడ్డు మీదనుంచి చూసి రైలుకు పరుగెత్తాం. నా ప్లాను ఒకటి తప్పడం నాకు సంతోషమైన రోజు అదొక్కటే.

కానీ కథ అక్కడ అయిపోలేదు. మా వైపు ఆసుపత్రికి పోయివచ్చినవాళ్లను పలకరించకపోతే తప్పు. మరునాడు పొద్దున పదింటికల్లా రొట్టె ప్యాకెట్లు, అరటిపండ్లు పట్టుకుని వీధిలోవాళ్లు మా ఇంట్లో చేరారు. పక్కింటామె కొడుకు మంచివాడే, ఇద్దరూ కళ్లు చూపించుకోవడానికి పోయారని అడిగినవాళ్లకల్లా చెప్పాడు. ఆ మాట బుక్కపట్నం దాకా పోయింది. అక్కడుండే మామ చెల్లెలు మొదటి బస్సుకే వచ్చేసింది, బత్తాయిల సంచితో. అత్త పక్కన కూర్చుని ఆమె గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది.

"డాక్టరు ఏమన్నాడు వదినా? ఆపరేషనా?"

గదిలో ఏడెనిమిది మంది ఉన్నారు. గడప దగ్గర పక్కింటామె తల దించుకుని నిలబడింది. నేను వంటింటి తలుపు దగ్గర ఉన్నాను. నోటిదాకా వచ్చింది, చెప్పేద్దామని. ఊరుకున్నాను. నేను చెబితే అది నా మాట అవుతుంది.

అత్త రవ్వంత సేపు బత్తాయిల సంచి వైపు చూసింది. "నా కండ్లకేమీ లేదు" అంది. "డాక్టరు కాడికి పోలేదు. ఊరికే చూసొద్దామని పోతిమి. తోటలో గడ్డి మీద కూసోని వస్తిమి."

"నేనూ" అంది గడప దగ్గరనుంచి పక్కింటామె.

"పని లేకుండానా?" అంది మామ చెల్లెలు.

"పని లేకుండానే. మళ్లీ పోతాము. ఈసారి ధర్మవరంనుంచి మా మరదలు కూడా వస్తుంది."

మామ చెల్లెలు రొట్టె ప్యాకెట్లను, బత్తాయిలను, అత్త ముఖాన్ని మార్చి మార్చి చూసింది. ఎవరైనా నవ్వుతారేమోనని నేను చూస్తున్నాను. ఆమె నవ్వలేదు. సంచి పక్కన పెట్టి, కాళ్లు మడుచుకుని దగ్గరికి జరిగింది. "అయితే చెప్పు వదినా. ఎట్లుండాది ఆ ఊరు?" అంది.

అత్త పదకొండుసార్లు బెంగళూరునుంచి తిరిగొచ్చింది. ఈ ఇంట్లో, ఈ మనుషులకే, పదకొండుసార్లూ మామ గుండె గురించి చెప్పింది. ఆ ఊరు ఎట్లుందని ఆమెను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆమె గోడకు ఆనుకుని, తోటలో చాపుకున్నట్టే కాళ్లు చాపుకుని, రైల్లో కిటికీ పక్క సీటు దగ్గరనుంచి మొదలుపెట్టింది. మామ అంగడికి పోకుండా గుమ్మంలో నిలబడి విన్నాడు. నేను వాళ్లు తెచ్చిన రొట్టెలన్నీ పెనం మీద నెయ్యి వేసి కాల్చి, చక్కెర చల్లి, అందరికీ రెండు రెండు పెట్టి, టీ కూడా ఇచ్చాను. అప్పటికి అత్త ఇంకా తోట గేటు దాకా కూడా రాలేదు.